సోపానాలన్నీ రాసినా లెక్క ఎందుకు తప్పుతుంది? బడి గణితంలో కొన్ని సమస్యలు, వాటి వెనుక నియమాలు

సంక్షిప్తంగా: బడి లెక్కల్లో తప్పులన్నీ ఎక్కాలు రాకపోవడం వల్ల వచ్చేవి కావు. మాటలను సమీకరణంగా మార్చేటప్పుడు, శాతానికి ఆధారమైన మొత్తం మధ్యలో మారినప్పుడు, వెనక్కి తీసుకోలేని పనిని సమీకరణం మీద చేసినప్పుడు లెక్క దారి తప్పుతుంది. ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు వెళ్లడానికి ఏ నియమం అనుమతి ఇస్తోందో తెలిస్తే, తప్పు ఎక్కడ జరిగిందో విద్యార్థి తానే పట్టుకోగలడు.

గణితం నోటుపుస్తకంలో ఒక లెక్కకు ఐదారు వరుసలు ఉంటాయి. పరీక్షలో ఆ వరుసలకు విడివిడిగా మార్కులు ఉండడంతో, చాలామంది విద్యార్థులు వాటిని పద్యంలా కంఠస్థం చేస్తారు. లెక్కలో సంఖ్యలు మారినంత వరకు ఇబ్బంది ఉండదు. ప్రశ్న రూపం కాస్త మారితే మాత్రం ఏ సోపానం ముందు, ఏది తర్వాత అన్నదే తెలియదు. సోపానం అంటే పై వరుస నిజమైతే కింది వరుస కూడా నిజమని చేసే ప్రకటన. ఆ ప్రకటనకు ఆధారం ఏమిటన్నదే అసలు గణితం. వేర్వేరు తరగతుల్లో, వేర్వేరు అధ్యాయాల్లో కనిపించే కొన్ని లెక్కలను ఈ దృష్టితో పరిశీలిస్తే, తప్పులకు కూడా ఒక క్రమం ఉందని అర్థమవుతుంది.

సమాన గుర్తు చెప్పే మాట

8 + 4 = □ + 5. గడిలో ఏ సంఖ్య రావాలి? ఎడమ పక్షం 12. కుడి పక్షం కూడా 12 కావాలంటే గడిలో 7 ఉండాలి. అమెరికాలో ప్రాథమిక పాఠశాల పిల్లలను ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది 12 అనో 17 అనో రాశారు. 1999లో వెలువడిన ఆ పరిశీలనను గణిత బోధన గురించి రాసేవారు ఇప్పటికీ ఉదహరిస్తారు. 12 అని రాసిన పిల్లలకు కూడిక వచ్చు. వారు సమాన గుర్తును ‘ఇక జవాబు రాయి’ అనే ఆదేశంగా చదివారు, అంతే. తొలి తరగతుల్లో లెక్కలన్నీ ఎడమన ప్రశ్న, కుడిన జవాబు అన్న పద్ధతిలోనే కనిపిస్తే ఈ అలవాటు పడడం సహజం.

ఈ గుర్తును 1557లో గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టాడు. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి మరేవీ ఉండవన్నది ఆయన చెప్పిన కారణం. అంటే పుట్టుకలోనే ఇది రెండు వైపులూ ఒకే విలువ అని చెప్పే గుర్తు. 15 + 8 = 23 − 6 = 17 × 2 = 34 అని గొలుసుగా రాసినప్పుడు చివరి జవాబు సరైనదే కావచ్చు, కానీ ఆ వరుసను మొదటి నుంచి చివరకు చదివితే 15 + 8 విలువ 34 అని చెబుతోంది. పై తరగతుల్లో సమీకరణాలు మొదలయ్యేసరికి ఈ చిన్న అలవాటే పెద్ద అడ్డంకిగా మారుతుంది.

పక్షాంతరం సంగతి చూడండి. 2క + 7 = 19 అన్న సమీకరణంలో ‘7 అటువైపు వెళితే గుర్తు మారుతుంది’ అని నేర్పుతారు. నిజానికి ఏ సంఖ్యా ఎటూ వెళ్లదు. రెండు పక్షాల నుంచీ 7 తీసివేస్తాం. ఎడమన 2క, కుడిన 12 మిగులుతాయి. రెండు పక్షాలనూ 2తో భాగిస్తే క = 6. కూడిన దాన్ని తీసివేతతో, గుణించిన దాన్ని భాగహారంతో విప్పుకుంటూ వెనక్కి రావాలన్న ఈ విలోమ పద్ధతిని ఆర్యభటుడు 499లోనే సూత్రంగా చెప్పాడు. ‘గుర్తు మారుతుంది’ అన్న మాట ఒక్కటే మిగిలి కారణం మరుగున పడితే ఏమవుతుందో −3క = 12 అన్న సమీకరణం చూపిస్తుంది. మైనస్ అటు వెళ్లి ప్లస్ అవుతుందనుకొని క = 12 + 3 = 15 అని రాసేవారు ఉంటారు. ఇక్కడ కను −3 గుణిస్తోంది, కాబట్టి విప్పవలసింది భాగహారంతో. రెండు పక్షాలనూ −3తో భాగిస్తే క = −4. సరిచూస్తే, −3 × −4 = 12.

వయసుల లెక్కలో బ్రాకెట్టు

తల్లి వయసు కూతురి వయసుకు 3 రెట్లు. 12 ఏళ్ల తర్వాత తల్లి వయసు కూతురి వయసుకు 2 రెట్లు అవుతుంది. ఇప్పుడు వారి వయసులెంత?

కూతురి వయసు క అనుకుంటే తల్లి వయసు 3క. పన్నెండేళ్లకు కూతురి వయసు క + 12, తల్లి వయసు 3క + 12. ఇంతవరకు అందరూ సరిగానే వస్తారు. తర్వాతి వరుస దగ్గరే దారి చీలుతుంది. 3క + 12 = 2క + 12 అని రాస్తే రెండు వైపులా 12 పోయి 3క = 2క మిగులుతుంది. అంటే క = 0. కూతురి వయసు సున్నా, తల్లి వయసు కూడా సున్నా. ఈ జవాబు చూడగానే అనుమానం రావాలి. దురదృష్టవశాత్తు, పద్ధతి ప్రకారం చేశాం కదా అని అలాగే వదిలేసేవారూ ఉన్నారు.

జరిగిన పొరపాటు ఏమిటంటే, 2 రెట్లు కావలసింది పన్నెండేళ్ల తర్వాతి వయసు మొత్తం. దానిలో ఒక భాగాన్ని మాత్రమే రెట్టింపు చేసి, 12ను అలాగే ఉంచారు. ‘ఈ మొత్తానికి’ అని చెప్పడానికే బ్రాకెట్టు ఉంది.

3క + 12 = 2(క + 12)
3క + 12 = 2క + 24
క = 12

రెండో వరుసకు ఆధారం విభాగ న్యాయం: బయటి 2 లోపలి రెండు పదాలనూ గుణించాలి. మూడో వరుసకు ఆధారం, రెండు పక్షాల నుంచీ 2కను, 12ను తీసివేయడం. కూతురికి 12, తల్లికి 36. పన్నెండేళ్లకు 24, 48. సరిపోయింది. సరిచూడడాన్ని సమీకరణంలో కాకుండా ప్రశ్నలోని మాటలతో చేశామన్నది గమనించాలి. తప్పు సమీకరణంలో 0ను ప్రతిక్షేపించినా రెండు పక్షాలూ సమానమే అవుతాయి. సమీకరణమే తప్పయినప్పుడు దానిలో సరిచూసి ప్రయోజనం లేదు.

అక్షరం పేరు కాదు, సంఖ్య

మాటల నుంచి సమీకరణానికి వెళ్లే దారి పెద్ద తరగతుల వారికి కూడా కష్టమని 1981లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు అధ్యాపకులకు ఆరు రెట్లు ఉన్నారు. విద్యార్థుల సంఖ్య వి, అధ్యాపకుల సంఖ్య అ అయితే సమీకరణం రాయమన్నారు. రాసినవారు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులు. వారిలో మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువగా కనిపించిన తప్పు 6వి = అ.

దీని వెనుక ఉన్న ఆలోచన అర్థం లేనిదేమీ కాదు. ‘ఆరుగురు విద్యార్థులకు ఒక అధ్యాపకుడు’ అన్న దృశ్యం మనసులో ఉంటుంది. దాన్ని అలాగే రాస్తే 6వి = అ వస్తుంది. 100 సెం.మీ. = 1 మీ. అని రాసే అలవాటు కూడా ఈ తప్పును బలపరుస్తుంది. అక్కడ సెం.మీ., మీ. అన్నవి కొలతల పేర్లు. బీజగణితంలో అక్షరం దేని పేరూ కాదు, అది ఒక సంఖ్య. ఒక తాడు పొడవును మీటర్లలో కొలిస్తే వచ్చే సంఖ్య మ, సెంటీమీటర్లలో కొలిస్తే వచ్చే సంఖ్య స అనుకుంటే, స = 100మ. చూడడానికి తలకిందులుగా ఉన్నా ఇదే సరైనది.

తెలిసిన సంఖ్యలు పెట్టి చూస్తే ఈ చిక్కు వెంటనే విడిపోతుంది. అధ్యాపకులు 10 మంది అయితే విద్యార్థులు 60 మంది. వి = 60, అ = 10. 6వి అంటే 360, అది 10కి సమానం కాదు. వి = 6అ అంటే 60 = 60. సమీకరణం రాసిన ప్రతిసారీ ఇలా ఒక ఉదాహరణతో పరీక్షించడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం కింది ఐదు వరుసలను కాపాడుతుంది.

శాతం దేనిలో?

ఒక వస్తువు ధర 20 శాతం పెరిగి, ఆ తర్వాత 20 శాతం తగ్గింది. ధర మొదటికే వచ్చిందా? మొదటి ధర 100 అనుకుంటే పెరిగాక 120. ఇప్పుడు తగ్గేది 120లో 20 శాతం, అంటే 24. మిగిలేది 96. పెరుగుదలకు ఆధారం 100, తగ్గుదలకు ఆధారం 120. శాతం ఒకటే అయినా అది దేనిలో శాతమో మారింది. గుణకారంగా రాస్తే ఇది మరింత తేటపడుతుంది: 1.2 × 0.8 = 0.96. క్రమం తిరగేసి ముందు తగ్గించి తర్వాత పెంచినా ఇదే 0.96. గుణకారానికి క్రమంతో పని లేదు.

దీన్నే వెనక నుంచి అడిగితే తప్పేవారి సంఖ్య పెరుగుతుంది. 20 శాతం పెరిగాక ధర 600. మొదటి ధరెంత? 600లో 20 శాతం 120 తీసివేసి 480 అనడం అందరికీ తోచే మొదటి జవాబు. 480కి 20 శాతం కలిపితే 576 వస్తుంది, 600 రాదు. పెరుగుదలను కొలిచింది మొదటి ధరలో. అది తెలియదు కాబట్టి దాన్నే క అనుకోవాలి. 1.2క = 600, క = 500.

సగటు వేగం లెక్క కూడా ఈ కుటుంబానిదే. వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు గంటకు 60. సగటు 50 అనిపిస్తుంది. దూరం 120 కిలోమీటర్లనుకోండి. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. సగటు వేగం 48. నెమ్మదిగా వెళ్లిన వేగం మీద ఎక్కువ సమయం గడిచింది కాబట్టి సగటు అటువైపు మొగ్గింది. రెండు వేగాలతోనూ సమాన సమయం ప్రయాణించి ఉంటే 50 సరైనదే అయ్యేది. 120 బదులు ఏ దూరం తీసుకున్నా 48 మారదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే సమయం కూడా రెట్టింపవుతుంది.

తిరగేసి గుణించడం ఎందుకు?

భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలని అందరికీ గుర్తుంటుంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగేవారు అరుదు. 3/4 ÷ 2/5 తీసుకుందాం.

భాజ్యాన్ని, భాజకాన్ని ఒకే సంఖ్యతో గుణిస్తే భాగఫలం మారదు. 12 ÷ 3, 120 ÷ 30 రెండూ 4 అవడానికి కారణం ఇదే. కాబట్టి భాజకాన్ని 1 చేసే సంఖ్యతో రెండింటినీ గుణిద్దాం. 2/5ను 1 చేసేది దాని వ్యుత్క్రమం 5/2. అప్పుడు భాజ్యం 3/4 × 5/2 = 15/8, భాజకం 1. దేన్నైనా 1తో భాగిస్తే అదే వస్తుంది. జవాబు 15/8. మధ్యలో ‘÷ 1’ను రాయకుండా వదిలేయడం వల్ల తిరగేయడం మంత్రంలా కనిపిస్తుంది, అంతే.

మరో దారి కూడా ఉంది. రెండింటికీ ఉమ్మడి హారం 20 తీసుకుంటే 15/20 ÷ 8/20. ఇరవయ్యో వంతులు పదిహేను ఉన్నాయి, ఎనిమిదేసి చొప్పున తీస్తే ఎన్నిసార్లు తీయగలం? 15 ÷ 8 సార్లు. హారాలు సమానమయ్యాక వాటి పని అయిపోయింది. చిన్న తరగతుల్లో ముందు ఈ దారి చూపించి, తర్వాత తిరగేసే పద్ధతికి వెళ్లడమే మేలు. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది వేగంగా సాగుతుంది. తిరగేయవలసింది మొదటి భిన్నాన్నా, రెండోదాన్నా అన్న సందేహం వచ్చినప్పుడు కారణం తెలిసినవారికే దారి దొరుకుతుంది.

పోయే మూలాలు, వచ్చిచేరే మూలాలు

క² = 5క. రెండు వైపులా ఒక కను కొట్టివేసి క = 5 అని ముగించడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. క = 0 అయినా ఈ సమీకరణం నిజమే. ఆ మూలం ఎక్కడ పోయింది? కొట్టివేయడమంటే కతో భాగించడం. సున్నాతో భాగించకూడదు కాబట్టి, భాగించిన క్షణంలోనే క సున్నా కాదని మనకు తెలియకుండా నిర్ణయించేశాం. అన్నిటినీ ఒకవైపు చేర్చి కారణాంకాలుగా విడగొడితే ఏదీ పోదు: క(క − 5) = 0. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలి. క = 0 లేదా క = 5.

దీనికి విరుద్ధంగా, లేని మూలం వచ్చి చేరే సందర్భాలూ ఉన్నాయి. √(క + 6) = క. వర్గమూలం పోవడానికి రెండు పక్షాలనూ వర్గం చేస్తాం.

క + 6 = క²
క² − క − 6 = 0
(క − 3)(క + 2) = 0

3, −2 అని రెండు మూలాలు వచ్చాయి. 3ను మొదటి సమీకరణంలో పెడితే √9 = 3, సరైనది. −2 పెడితే √4 = −2 రావాలి. √ గుర్తు ధన వర్గమూలాన్నే సూచిస్తుంది కాబట్టి √4 = 2. ఇది పొసగదు. వర్గం చేసినప్పుడు 2కూ −2కూ తేడా చెరిగిపోయి, రెండూ 4 అయ్యాయి. √(క + 6) = −క అన్న వేరే సమీకరణపు మూలం ఆ సందులో నుంచి లోపలికి వచ్చింది.

కూడిక, తీసివేత, సున్నా కాని సంఖ్యతో గుణకార భాగహారాలు వెనక్కి తీసుకోగలిగిన పనులు. వాటితో కింది వరుస నుంచి పై వరుసకు తిరిగి రావచ్చు. వర్గం చేయడం అలాంటిది కాదు. అందుకే వర్గం చేసిన లెక్కలో సరిచూడడం సాధనలో భాగమే. దాన్ని మార్కుల కోసం చివర్లో అతికించే వరుసగా చూడడం సరికాదు.

ఒకే రాతకు రెండు జవాబులు

2019లో 8 ÷ 2(2 + 2) అన్న లెక్క సామాజిక మాధ్యమాల్లో పెద్ద వాదనకు దారితీసింది. గుణకార భాగహారాలను ఎడమ నుంచి కుడికి చేసేవారికి 8 ÷ 2 = 4, 4 × 4 = 16 వస్తుంది. గుణకార గుర్తు లేకుండా ఆనుకొని ఉన్న 2(2 + 2)ను ఒకే పదంగా చూసేవారికి 8 ÷ 8 = 1 వస్తుంది. బోడ్‌మాస్ క్రమాన్ని బట్టి చూస్తే జవాబు 16. కానీ ప్రక్రియల క్రమం గణిత సత్యం కాదు, రాతలో గందరగోళం రాకుండా చేసుకున్న ఒప్పందం. ఆనుకొని రాసిన గుణకారం విషయంలో ఆ ఒప్పందాన్ని అందరూ ఒకేలా పాటించరు. భిన్నంగానో, మరో బ్రాకెట్టుతోనో రాస్తే వాదనకే చోటుండదు. లెక్కను రాసిన తీరులోనే తప్పు ఉంది.

జవాబు వచ్చాక మిగిలే పని

1980ల తొలి సంవత్సరాల్లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. 1,128 మంది సైనికులను తరలించాలి, బస్సుకు 36 మంది చొప్పున ఎన్ని బస్సులు కావాలి? భాగహారాన్ని దాదాపు 70 శాతం మంది సరిగ్గా చేశారు. భాగఫలం 31, శేషం 12. కానీ 32 బస్సులు అని జవాబు రాసినవారు 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అని రాశారు. వారికి భాగహారం వచ్చు. లెక్క బస్సుల గురించి అన్నది మధ్యలో ఎక్కడో జారిపోయింది. అదే కాలంలో ఫ్రాన్స్‌లో, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉంటే కెప్టెన్ వయసెంత అని చిన్న తరగతుల పిల్లలను అడిగితే, చాలామంది రెండు సంఖ్యలనూ కూడి 36 అన్నారు. బడిలో ఇచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుందని, ఇచ్చిన సంఖ్యలన్నీ వాడాలని వారికి ఎవరూ నేర్పలేదు. వందల లెక్కలు చేశాక వారే ఆ నిర్ణయానికి వచ్చారు.

జవాబును అంచనాతో పోల్చడం దీనికి మంచి విరుగుడు. ఒక పనిని ఒకరు 6 రోజుల్లో, మరొకరు 12 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? సగటు తీసి 9 అనేవారున్నారు. ఒక్కరే 6 రోజుల్లో చేసే పనికి తోడు దొరికాక 9 రోజులెలా పడుతుంది? ఇద్దరూ వేగమైనవారే అయితే 3 రోజులు పట్టేది, ఒకరు నెమ్మది కాబట్టి అంతకంటే ఎక్కువ పడుతుంది. కాబట్టి జవాబు 3కూ 6కూ మధ్య ఉండాలి. ఇప్పుడు లెక్క: రోజుకు జరిగే పని 1/6 + 1/12 = 3/12 = 1/4. మొత్తం 4 రోజులు. కూడదగింది రోజులను కాదు, ఒక రోజులో జరిగే పనిని. ఈ ఒక్క నిర్ణయమే ఈ లెక్కకు ప్రాణం.

చేసి చూపిన లెక్కలకు ఉన్న విలువ

సాధనను నాలుగు దశలుగా చెప్పిన గణితవేత్త జార్జ్ పోల్యా. సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేసుకోవడం, దాన్ని అమలు చేయడం, తిరిగి చూసుకోవడం అన్న ఈ విభజనను ఆయన 1945లో ప్రచురించాడు. పైన చూసిన తప్పుల్లో చాలావరకు మొదటి, చివరి దశలవే. తరగతిలో, నోటుపుస్తకంలో ఎక్కువ చోటు మాత్రం మూడో దశకే దక్కుతుంది.

పూర్తిగా చేసి చూపిన లెక్కలను చదవడం బద్ధకమని, స్వయంగా చేస్తేనే వస్తుందని ఒక నమ్మకం ఉంది. పరిశోధకులు జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ప్రచురించిన బీజగణిత ప్రయోగాలు దీన్ని ప్రశ్నించాయి. కొత్త పద్ధతి నేర్చుకునేవారు చేసి చూపిన లెక్కలను పరిశీలించినప్పుడు తక్కువ సమయంలో నేర్చుకున్నారు, తర్వాత అలాంటి లెక్కల్లో తక్కువ తప్పులు చేశారు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగిన విషయాలు కొన్నే. దారి వెతకడానికే ఆ శక్తి ఖర్చయితే, వెతికిన దారిని గమనించడానికి ఏమీ మిగలదు. అయితే పద్ధతి చేతికి వచ్చినవారికి చేసి చూపిన లెక్కలు సాయపడవని, కొన్నిసార్లు అడ్డంకి కూడా అవుతాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అందుకే మధ్యేమార్గంగా వరుసలను ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోయే పద్ధతి వచ్చింది: మొదటి లెక్క పూర్తిగా చేసి ఉంటుంది, రెండో దానిలో ఒక వరుస ఖాళీ, మూడో దానిలో రెండు.

ఏ వరుసను ఖాళీగా వదలాలన్నది ముఖ్యం. ఒక గొట్టం తొట్టిని 4 గంటల్లో నింపుతుంది, అడుగున ఉన్న మరో గొట్టం నిండు తొట్టిని 6 గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిచి ఉంచితే ఖాళీ తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది? గంటకు నిండే భాగం 1/4 − 1/6 = 1/12, కాబట్టి 12 గంటలు. ఈ లెక్కలో ఆఖరి 1/12ను ఖాళీగా వదిలితే విద్యార్థి చేసేది భిన్నాల తీసివేత మాత్రమే. 1/4కూ 1/6కూ మధ్య గుర్తును వదిలితే, నీరు ఎటు పోతోందో ఆలోచించక తప్పదు. అక్కడ కూడిక గుర్తు పెట్టినవారికి 5/12 వస్తుంది, జవాబు 2 గంటల 24 నిమిషాలు అవుతుంది. కింద నీరు పోతున్నా తొట్టి 4 గంటల కంటే ముందే ఎలా నిండిందని అడిగితే చాలు, వారే వెనక్కి వెళ్లి ఆ గుర్తును మారుస్తారు.